మొదటి కుంచం

12 జూన్ 2017, నరసన్నపేట

ఈ ఉదయం మళ్లీ రక్తం. మనవరాలు భరణి చేగోడీ కొరికింది. గట్టివి ఇంట్లో చెయ్యవద్దని కోడలికి ఎన్నిసార్లు చెప్పాను! బిందు తన కోసమే చేసుకుందట. అలాంటప్పుడు డబ్బా పిల్లకు అందే చోట ఎందుకు పెట్టావని అడిగాను. ఐసు ముక్క గుడ్డలో చుట్టి నాలుక మీద అదిమి పట్టుకుంటే కాసేపటికి ఆగింది. ఇంటర్‌లో చేరాక ఇవాళే కాలేజీకి మొదటి రోజు. పంపలేదు.

దాని నాలుక మీది ఆ వాపు, పిల్ల పుట్టిన రోజున కందిపప్పు బద్దంత ఉండేది. ఐదో తరగతికి శనగగింజంత అయింది. పదో తరగతి పరీక్షల నాటికి రేగిపండు. ఇప్పుడు చిన్న ఉసిరికాయంత, నేరేడు రంగులో, నాలుక కొసకు కుడివైపున. ఉద్యోగమంతా లెక్కల టీచరుగా చేసినదాన్ని, మిల్లీమీటర్లలో రాయాలి. మా గింజల కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక అన్నీ గింజల్లోనే తోస్తున్నాయి.

పోయిన నెల చూసిన సర్జన్ కోసెయ్యాలన్నాడు. నాలుకలో మూడో వంతు పోతుందట. నా కొడుకు నగరేశ్వరరావు ఈ నెలాఖరుకు ఏ సంగతీ చెబుతానని ఆయనతో అని వచ్చాడు. "మాట ఎలాగూ సరిగ్గా లేదు కదమ్మా. రక్తం బాధయినా వదిలిపోతాది" అంటాడు. లెక్క ప్రకారం వాడన్నది తప్పు కాదు.

భరణి అన్నం దగ్గర ఏమీ మాట్లాడలేదు. తను మాట్లాడదు. అది కొత్త సంగతి కాదు.

13 జూన్

రక్తం లేదు. నాకు భయం లేదు.

16 జూన్

పళ్ల డాక్టరు జగన్నాధం పెసరపప్పు కోసం కొట్టుకు వచ్చాడు. భరణిని నోరు తెరవమన్నాడు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు, చేతికి తొడుగు వేసుకుని వేలితో నొక్కాడు. నొక్కితే తగ్గింది, వదిలితే మళ్లీ నిండింది. "ఇది గడ్డ కాదు టీచరుగారూ. రక్తనాళాలు పుట్టుకతోనే తప్పుగా అల్లుకున్నాయి. కత్తి పెట్టకముందు విశాఖపట్నంలో ఒకామెకి చూపించండి. సూదితో మూసేస్తారు" అన్నాడు. పేరు చీటీ మీద రాసిచ్చాడు: డాక్టర్ అరుణశ్రీ.

సూదితో నాలుకను బాగుచెయ్యడమేమిటి! నేను నమ్మలేదు. అయినా చీటీ దాచాను.

21 జూన్

పొద్దున్నే అద్దె కారులో బయలుదేరాం. నేను, భరణి, వాళ్ల నాన్న. భోగాపురం దాటుతున్నప్పుడు విమానాశ్రయానికి పోయే భూముల గురించి డ్రైవరూ నగరేశ్వరరావూ ఆగకుండా మాట్లాడారు. భరణి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. జడ వదులుగా వేసుకుంది. దారిలో మళ్లీ వేశాను.

డాక్టరమ్మకు నలభై ఏళ్లు ఉండవు. చదివిన చదువుకు తగ్గట్టు మాట్లాడుతుందనుకున్నాను.

"సూడమ్మా, నాలిక బయటెట్టు" అంది.

నేను వివరాలు చెప్పడం మొదలుపెట్టాను. పుట్టుకతో ఉంది, తల వంచితే ఉబ్బుతుంది, కొరికితే రక్తం వస్తుంది అని. ఆమె సగం వినే చేత్తో ఆపింది.

"ఒక్క నిమిషం అమ్మా. నేను పాపనడిగేను."

"దానికి మాట స్పష్టంగా రాదండీ."

"పర్వాలేదు, నాకు సెవులు బాగానే పనిచేస్తాయి."

నగరేశ్వరరావు నవ్వును దగ్గుగా మార్చాడు. ఇంటికొచ్చాక చెప్పాను, అది మంచి అలవాటు కాదని.

"ఏటమ్మా భరణీ, నీకేటి తినాలని ఉంటాది?" అని అడిగింది ఆమె. భరణి నావైపు చూసింది. ఆమె తన కుర్చీ జరిపి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. కావాలనే జరిగింది, నేను గమనించాను. చాలాసేపటికి పిల్ల "చేగోడీలు" అంది. ముద్దగా అంది. డాక్టరమ్మ పకపకా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. పరాయివాళ్ల ముందు భరణి పళ్లు కనపడేలా నవ్వడం నేను చూడలేదు.

స్కానింగు తెర చూపించి చెప్పింది. చెప్పింది మాకు కాదు, భరణికే. "మాది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు. మా నాన్న గంగరాజు సేపల వేటకెళ్లేవోడు. పోటుకి నీళ్లు లోపలికి వస్తాయి. ఆటుకి తిరిగి పోవాల. దారి లేకపోతే గుంటల్లో నిలిచిపోతాయి, సూసేవా? నీ నాలికలో రక్తం అలాగే నిలిచిపోతన్నాది. ఆ గుంటల్లోకి సన్న సూది పంపి మందు పెడతాను. గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొయ్యను. కుట్టను."

"పూర్తిగా పోతుందా?" నేనే అడిగాను.

"పోతాదని సెప్పనమ్మా. చాలావరకు తగ్గుతాది. మళ్లీ లేస్తే మళ్లీ సూస్తాను. మొదట్లో వాపు ఇప్పటికంటే పెరుగుతాది. ఊపిరికి అడ్డం రాకుండా ఆ రోజు ఇక్కడే ఉంచుకుంటాం. ఒక్కసారితో అవదు."

తెలియనిదాన్ని తెలియదని చెప్పే పిల్లలకు నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు. ఈమెకు నూటికి నూరు వెయ్యవచ్చు. భాష సంగతి వేరు.

నగరేశ్వరరావు ఊరుకోలేదు. "మేడమ్‌గారూ, విడివిడిగా ఎందుకండీ, ఒకేసారి మొత్తం మందు ఎక్కించేస్తే సరిపోదా? టోకుగా అన్నమాట."

"నాలికండీ నాయనా, బస్తా కాదు" అంది ఆమె.

22 జూన్

రాత్రి భోజనాల దగ్గర నగరేశ్వరరావు మళ్లీ సర్జన్ మాట ఎత్తాడు. ఇన్నిసార్లు మత్తు ఎందుకు, ఒక్కసారి కోసేస్తే వదిలిపోతుందని. నేను రెండు వైపులా మంచిచెడ్డలు లెక్కగట్టి చెప్పడం మొదలుపెట్టాను.

భరణి మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. "కొయ్యనివ్వను. సూదికెళ్తాను."

స్పష్టంగా లేదు. అయినా అందరికీ అర్థమైంది. నగరేశ్వరరావు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. దానర్థం సరేనని.

3 జూలై

జీఎస్టీ వచ్చి కొట్లో అందరికీ పిచ్చెక్కుతోంది. రాయడానికి తీరిక లేదు.

7 జూలై, విశాఖపట్నం

అయింది.

థియేటరు తలుపుకు గుండ్రటి అద్దం ఉంది. నేను అటువైపు కూర్చోలేదు. బిందు కూర్చుంది. డాక్టరమ్మ ఎక్స్‌రే తగలకుండా మెడ నుంచి మోకాళ్ల దాకా సీసం కోటు వేసుకుని లోపలికి వెళ్లింది. ఎంత బరువుంటుందని నర్సును అడిగాను. చెప్పింది. ఆ బరువుతో మనిషి అంతసేపు నిలబడి, కనపడని దారిలోకి సన్నటి సూది పంపుతుంది. ముందు రంగునీరు పంపి తెర మీద చూస్తుందట. అది నాలుకలోనే ఆగుతోందా, వేరే చోటికి జారిపోతోందా అని. ఆగుతుందని నిశ్చయం చేసుకున్నాకే మందు. ముందు సరిచూసుకుని తర్వాత పని. ఇలా పనిచేసేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

బయటకు తెచ్చాక భరణి మత్తులో ఉంది. నాలుక అప్పటికే వాచింది. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "గొంతు ఇనాల. భరణీ, ఒకటి నుంచి పది వరకు సెప్పు" అంది.

భరణి కళ్లు తెరవలేదు. కాసేపు ఆగింది. "రెండు... మూడు... నాలుగు..."

"ఒకటి నుంచమ్మా."

మళ్లీ ఆగింది. ముఖం కొంచెం నావైపు తిరిగింది. మళ్లీ "రెండు" దగ్గరే మొదలుపెట్టింది.

మూడోసారి కూడా అంతే.

డాక్టరమ్మ నన్ను చూసింది. "ఒకటి ఎందుకు వదిలేస్తన్నాది? మత్తనుకుంటే మిగతావి వరసగానే వస్తన్నాయి."

చెప్పాను. మా కొట్లో పెసలు, ఉలవలు, చోళ్లు రైతుల దగ్గర ఇప్పటికీ కుంచంతో కొలిచే తీసుకుంటాం. మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. అన్ని కొట్లలోనూ అదే ఆచారం. మా మామగారి కాలం నుంచి మా కొట్లో ఇంకో నియమం ఉంది. ఆ మొదటి మాట తడబడకూడదు. తడబడితే గింజలు వెనక్కి పోసి మళ్లీ కొలవాలి. భరణికి ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి కొలుస్తూ ఆ మాట అంది. మాట ముద్దయింది. రైతులు నవ్వారు. గింజలు వెనక్కి పోయించాను. అప్పటి నుంచి కుంచం భరణి చేతిలో, ఆ మొదటి మాట నా నోట్లో. రెండు నుంచి తనూ పెదాలు కదుపుతుంది. నలుగురి నవ్వు పిల్ల మీద పడకుండా చూశాను.

"మరి ఆ మాట పాప ఎప్పుడంటాది?"

"నాలుక బాగుపడ్డాక" అన్నాను.

డాక్టరమ్మ పిల్ల ఊపిరి బాగుందని నర్సుకు చెప్పి వెళ్లిపోయింది.

రెండుకు ముందు ఆ ఆగడం నాకు తెలుసు. కుంచం నింపి, పైన చేత్తో చదునుగా రాసి, నా మాట కోసం ఆగే ఆగడమే అది.

ఆసుపత్రి కుర్చీలు నడుముకు బాగాలేవు.

8 జూలై

ఇల్లు చేరాం. నాలుక నిమ్మకాయంత. నోరు మూతపడడం లేదు.

9 జూలై

పెద్ద నిమ్మకాయ. నీలం నలుపుకు తిరిగింది.

నగరేశ్వరరావు గదిలోకి వచ్చి చూసి బయటకు వెళ్లి నిలబడ్డాడు. "సూసేవా అమ్మా? ఉన్నదానికంటే పెద్దదైపోనాది. ఇలాటి సరుకొస్తే మనం బండి దించనిస్తామా? తిప్పి పంపీమూ?" వాడు భయపడితే సరుకు మాటలే మాట్లాడతాడు, చిన్నప్పటి నుంచీ.

"మొదట పెరుగుతుందని చెప్పింది కదురా" అన్నాను. చెప్పాను గానీ, టార్చిలైటుతో మధ్యాహ్నం మళ్లీ చూశాను, సాయంత్రం మళ్లీ చూశాను. సర్జన్ నంబరు ఎక్కడుందో కూడా చూశాను. అవసరం కొద్దీ కాదు, కాగితాలు సర్దుతూ.

భరణి దగ్గర ఫోన్ ఉంది. డాక్టరమ్మకు తనే ఫోటో తీసి పంపింది. జవాబు వచ్చింది. నాకు చూపించింది. "అనుకున్నట్టే ఉన్నాది. ఐసు పెట్టు. ఊపిరి ఇబ్బందైతే ఎంటనే బయలుదేరు. మీ మామ్మకి సెప్పు, టార్చిలైటు బ్యాటరీ అయిపోతాదని."

ఆమెకు ఎలా తెలుసు? పిల్లే రాసి ఉంటుంది.

11 జూలై

చల్లార్చిన చోడి అంబలి. చెంచాతో నోటి ఎడమ పక్క నుంచి. ఒక గ్లాసు తాగడానికి పూట పడుతుంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చెంచా విసిరి ఉండేదాన్ని నేనైతే, ఆ వయసులో. ఈ ఓర్పు ఎవరి వైపు నుంచి వచ్చిందో. మా వైపు నుంచి కాదు.

15 జూలై

ఉసిరికాయ. అంటే మొదటికి వచ్చింది.

29 జూలై

రేగిపండు. రంగు పలచబడింది. వంగి కుంచం ఎత్తినప్పుడు ఇదివరకులా ఉబ్బలేదు.

నిజంగా తగ్గుతోంది. గోడలు అతుక్కుంటున్నాయి. కత్తి లేదు, కుట్టు లేదు. ఒక పల్లెకారుల పిల్ల చదువుకుని, సీసం కోటు తొడుక్కుని, వెంట్రుకంత సూదితో. ఇవాళ వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి పైకే అన్నాను, "భేష్" అని. బిందు వెనక ఉందని తెలియదు.

10 ఆగస్టు

ఇవాళ ఒక ప్రయత్నం చేశాను. కూర్మమ్మ పెసలు తెచ్చింది. ఎప్పటి నుంచో మాకే అమ్ముతుంది. నోరు మంచిది కాదు, సరుకు మంచిది. భరణి కుంచం తీసుకోగానే నేను ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయాను. తలుపు వెనక నిలబడ్డాను.

గింజలు పోసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"ఏటే, ముహూర్తం సూస్తన్నావేటి?" కూర్మమ్మ గొంతు. "లాబం! నానే అనీసేను. రెండు పొయ్యి. అమ్మేదీ నానే, లెక్కెట్టేదీ నానేనా? మీ మామ్మ సచ్చిపోనాదేటి?"

బయటకు వచ్చాను. బతికే ఉన్నానని చెప్పి మళ్లీ మొదటి నుంచి కొలిపించాను. లాభం నేనే అన్నాను.

కొట్టు కట్టేశాక భరణి నా పక్కన కూర్చుంది. "మామ్మా, నువ్వు సెప్తే నేను సెప్పక్కర్లేదు. నువ్వు దాక్కుంటే సెప్పలేను."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

ఆలోచించింది. "నీకు తెలీకుండా అవ్వాల."

నాకు తెలియకుండా ఈ ఇంట్లో ఏదైనా అవుతుందా? అదే అన్నాను. నవ్వింది.

1 సెప్టెంబరు, విశాఖపట్నం

రెండో సూది. ఈసారి వాపు తక్కువే ఉంటుందంది. లోపలికి వెళ్లే ముందు భరణి తనే సంతకాల కాగితం చదువుకుంది, రెండు ప్రశ్నలు అడిగింది. మంచి ప్రశ్నలు. నేను అడగవలసినవే. అడగలేదు.

డాక్టరమ్మ పిల్లకు ఏదో చెబుతుంటే బయటకు వినిపించింది. "మా యమ్మ గున్నమ్మ రేవులో సేపల పాట పాడేది. ఏలం పాట. గాలి ఎదురొస్తన్నా ఆ సివర పడవ వరకు ఇనబడేది. నాను సిన్నప్పుడు సిగ్గుపడేదాన్ని, ఏటిది ఇంత గొంతని. ఇప్పుడు తెరముందు నిలబడి నర్సుల్ని కేకెయ్యాల్సొస్తే మా యమ్మ గొంతే వస్తాది. నువ్వు కూడా గట్టిగా సెప్పుకో. తప్పు పోతే పోనీ. అలవాటవ్వాల నాలికకి. ఇప్పటిదాకా అది వాపుని మోసుకుంటూ బతికింది, ఇంక పని సెయ్యాల కదా."

మత్తు వదిలాక అంకెలు అడుగుతుందేమోనని మంచం దగ్గరికి వెళ్లలేదు. నడుము నొప్పి.

అడిగిందట. బిందు చెప్పింది. ఏ అంకె నుంచి మొదలుపెట్టిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

18 సెప్టెంబరు

శనగగింజ.

2 అక్టోబరు

భరణి మేడ మీద బట్టలు ఆరేస్తూ ఒక్కతే మాట్లాడుకుంటోంది. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఇంట్లో బట్టలు ఆరెయ్యడానికి ఇంతసేపు పట్టదు.

13 అక్టోబరు

స్కానింగు. కొంచెం మిగిలిందంది డాక్టరమ్మ, లోతున. మూడో సూది ఇప్పుడు వద్దు, ఆరు నెలలాగి చూద్దాం, అప్పుడు వాపు మళ్లీ లేస్తే పెడదాం అంది. నగరేశ్వరరావు ఉన్నది పూర్తిగా తీసేస్తే పోదా అని అడగబోయి, మానేశాడు. నా కొడుకు కూడా నేర్చుకుంటున్నాడు.

బయలుదేరేటప్పుడు ఆమెకు నమస్కారం పెట్టాను. నా కంటే చిన్నది. ఆమె చప్పున నా రెండు చేతులూ పట్టుకుని కిందికి దించేసింది. ఆ వేళ్లు చాలా సన్నవి, మెత్తగా లేవు. కొద్దిసేపు అలాగే పట్టుకుంది. నేను కూడా తీసుకోలేదు.

"టీచరుగారూ, సెప్పండి, నాలిక బాగుపడిందా?" అంది.

బాగుపడిందన్నాను. ఎందుకు అడిగిందో దారిలో అర్థమైంది. భోగాపురం దాటాక. ఆ మొదటి మాట పిల్ల ఎప్పుడంటుందంటే, నాలుక బాగుపడ్డాక అన్నది నేనే.

24 నవంబరు

కూర్మమ్మ చోళ్లు తెచ్చింది. కొత్త పంట, ఎండ బాగా తగిలింది, రాళ్లు తక్కువ. బండి మీద ఇద్దరు మనుషులు, కొట్టు ముందు ఇంకో నలుగురు. నగరేశ్వరరావు కంప్యూటరు దగ్గర. నేను గల్లాపెట్టె దగ్గర, ఎప్పటిలాగే.

భరణి చీర కొంగులా చున్నీ దోపుకుని కుంచం తీసుకుంది. నింపింది. చేత్తో పైన రాసింది. ఎత్తింది.

నా నోరు తెరుచుకుంది. అలవాటు. నేను గమనించే లోపే తెరుచుకుంది.

"మామ్మా, నువ్వాగు."

వెనక్కి తిరగకుండానే అంది. అందరూ విన్నారు. ఇంతమందిలో నన్ను ఆగమన్నవాళ్లు ఈ ఊళ్లో లేరు.

"లాభం!" అంది.

గట్టిగా అంది. రేవులో వినిపించేంత గట్టిగా. 'ల' కొంచెం బరువుగానే ఉంది. తూకం వేసినట్టు విన్నాను, ఉంది. ఎవరూ నవ్వలేదు. మా మామగారి నియమం ప్రకారం ఏం చెయ్యాలో నాకు తెలుసు, గింజలు వెనక్కి పోయించాలి.

పోయించలేదు.

కూర్మమ్మ నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఓసి నీయమ్మ కడుపు సల్లగుండ! ఇన్నాళ్లూ ఈ గొంతు ఎక్కడ దాసీసేవే? మీ మామ్మ గొంతుకి బయపడి నాను కుంచం నిండా పోసీదాన్ని. నిన్ను సూస్తే ఇంకా బయమేస్తన్నాది."

"అయితే కుంచానికి తలకట్టు పెట్టి, పైన పోగయ్యేలా పొయ్యి, అత్తా" అంది భరణి. "రెండు!"

అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరు. నగరేశ్వరరావు కంప్యూటరు దగ్గర నుంచి లేచి నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఉత్త కలం ఉంది, కాగితం లేదు. బిందు లోపలి గుమ్మంలో.

మూడు అంది. నాలుగు అంది. తర్వాత నేను తన వీపునూ, భుజం కదలడాన్నీ చూస్తూ కూర్చున్నాను. గింజలు పడే చప్పుడు, తన గొంతు, గింజలు పడే చప్పుడు.

నోరు మూసుకున్నానో లేదో గుర్తులేదు.

బండి వెళ్లిపోయాక నగరేశ్వరరావు, "అమ్మా, కూర్మమ్మవి ఎన్ని కుంచాలు?" అని అడిగాడు. ఇన్నేళ్లలో నా దగ్గర లెక్క లేకపోవడం ఇదే మొదటిసారి. లాభం మాత్రం విన్నాను, మిగతావి తెలియవు.

రేపు భరణిని అడిగి రాసుకోవాలి.